నార్మల్ వాల్యూస్ ఎందుకు నిలవట్లేదు, ప్రొసీజర్ ముందూ తర్వాతా నర్సు ఏం చూడాలి

థర్డ్ ఇయర్ బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న చెల్లి అడిగింది ఇదీ: నార్మల్ వాల్యూస్, అంటే రక్తపరీక్షల్లో మామూలుగా ఉండాల్సిన అంకెలు, ఎన్నిసార్లు బట్టీ పట్టినా నిలవట్లేదు, పైగా ఒక్కో పుస్తకంలో ఒక్కో అంకె ఉంది, లంబార్ పంక్చర్ (నడుములో సూది గుచ్చి వెన్ను ద్రవం తీయడం), లివర్ బయాప్సీ (లివర్‌లోంచి చిన్న ముక్క తీయడం), పారాసెంటెసిస్ (పొట్టలో చేరిన నీరు తీయడం) పొజిషన్లన్నీ కలగాపులగం అయిపోతున్నాయి, ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి, ఏం చదవాలి, ఏం వదిలేయాలి అని.

ముందు అంకెల గొడవ తేల్చేద్దాం. పొటాషియం ఒక పుస్తకంలో 3.5–5.0, ఇంకోదాంట్లో 3.5–5.5 ఉందని నిద్ర పాడుచేసుకోకు. మెషీన్ మారితే రేంజ్ కాస్త అటూ ఇటూ అవుతుంది, అందుకే ప్రతి ల్యాబూ రిపోర్టులో వాల్యూ పక్కనే తమ రేంజ్ అచ్చు వేసి ఇస్తుంది, వార్డులో నువ్వు చూడాల్సింది అదే. పరీక్షలో మీ కాలేజీలో చెప్పే పుస్తకంలో ఉన్నది రాయి. వైవాలో 5.1 ఎక్కువా కాదా అని ఎవరూ అడగరు, 6.4 వస్తే ఏం చేస్తావు అని అడుగుతారు.

అసలు తేడా వచ్చేది యూనిట్ల దగ్గర. మన ల్యాబులు ఎక్కువగా బ్లడ్ యూరియా ఇస్తాయి, డెసీలీటరుకి దాదాపు 15 నుంచి 40 మిల్లీగ్రాములు. అమెరికా పుస్తకాల్లో ఉండేది బీయూఎన్, అంటే యూరియాలోని నైట్రోజన్ మాత్రమే, అది 7 నుంచి 20. బీయూఎన్‌ని 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది. ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సు లైసెన్స్ పరీక్ష) పుస్తకం చదివి వచ్చిన పిల్లలు యూరియా 36 అని చూడగానే కిడ్నీ పోయిందని కంగారు పడతారు, లెక్క వేస్తే బీయూఎన్ 17, శుభ్రంగా నార్మల్. ప్లేట్‌లెట్లు మనకి లక్షల్లో, వాళ్లకి వేలల్లో, ఇది తేలికే. బ్రిటన్ వెళ్లే ఆలోచన ఉంటే అక్కడి షుగర్‌ని 18తో గుణించడం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్‌ని 88తో భాగించడం, ఈ రెండూ గుర్తుపెట్టుకో: అక్కడ షుగర్ 5.5 అంటే మన 99, క్రియాటినిన్ 88 అంటే మన 1.

ఇక ఎందుకు నిలవట్లేదంటే, అన్నిటినీ ఒకే గాటన కట్టి చదువుతున్నావు కాబట్టి. పోస్టింగ్‌కి వచ్చే పిల్లలకి నేను చెప్పేది, ఏ వాల్యూ తేడా వస్తే నువ్వు కుర్చీలోంచి లేచి బెడ్ దగ్గరికి వెళ్లాలో వాటిని ముందు నేర్చుకో, మిగతావి తర్వాత. లివర్ పరీక్షల్లో ఉండే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగితే పొద్దున రౌండ్స్ దాకా ఆగొచ్చు. పొటాషియం, షుగర్, సోడియం, ఏబీజీ (ధమని రక్తంలో గ్యాసుల పరీక్ష), ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె), హిమోగ్లోబిన్, క్రియాటినిన్ ఇవి ఆగవు. ఒక్కో అంకెనీ దాన్ని పెంచేదేంటి, తగ్గించేదేంటి, ఇప్పుడు నేనేం చేయాలి అన్నవాటితో కలిపి చదివితే మళ్లీ మర్చిపోవు.

పొటాషియంతో మొదలుపెడదాం, ఎందుకంటే దీని రేంజ్ చాలా ఇరుకు, తప్పితే దెబ్బ గుండెకి. వాంతులు, విరేచనాలు, యూరిన్ ఎక్కువ పోయించే లాసిక్స్, ఇన్సులిన్ డ్రిప్, వీటితో తగ్గుతుంది. కిడ్నీ పనిచేయకపోతే పెరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో, క్రియాటినిన్ అన్న మాట చదువు రాని అవ్వకి కూడా తెలుసు, అక్కడ ఇంటింటికీ కిడ్నీ కథ ఉంటుంది. అదే ఉద్దానం కొబ్బరి తోటలకీ పేరు. డయాలసిస్ మీద ఉన్న మనిషి ఎండలో దాహం వేసి కొబ్బరి నీళ్లు తాగి, మరుసటి డయాలసిస్ కూడా ఎగ్గొడితే ఏమవుతుందో ఊహించు, కొబ్బరి నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది. అలాంటి మనిషి కాళ్లు పీకుతున్నాయి, ఒళ్లు తూలుతోంది అని వచ్చి రిపోర్ట్ 6.8 చూపిస్తే అది నిజమే అనుకుని కదలాలి: మానిటర్ తగిలించు, ఈసీజీ తీయి, అందులో టీ వేవ్ అనే అల నిటారుగా మొనదేలి ఉందేమో చూడు, డాక్టర్‌కి చెప్తూనే కాల్షియం గ్లూకోనేట్, ఇన్సులిన్, డెక్స్‌ట్రోస్, నెబ్యులైజేషన్‌కి సాల్బుటమాల్ రెడీగా పెట్టు. కాల్షియం గుండెని కాపాడుతుంది కానీ పొటాషియంని తగ్గించదు, వైవాలో ఈ మెలిక తప్పకుండా వేస్తారు.

అదే 6.8 జ్వరం తగ్గి ఫోన్ చూసుకుంటూ కూర్చున్న కుర్రాడికి వస్తే? ఈసీజీ తీయి, డాక్టర్‌కి చెప్పు, అది ఎలాగూ చేయాలి, కానీ శాంపిల్ ఎలా తీశారో కూడా అడుగు. సన్న సూదితో సిరంజిని బలంగా లాగినా, నురగ వచ్చేలా ట్యూబ్‌లోకి కొట్టినా ఎర్ర కణాలు పగిలి లోపలి పొటాషియం బయటికొస్తుంది. టోర్నికే కట్టి ఐదు నిమిషాలు నరం వెతుకుతూ, పేషెంట్‌ని పిడికిలి మూయి, తెరువు, మూయి అంటూ ఉంటే కూడా పెరుగుతుంది. ఇంకో రకం ఉంది, అది మరీ చిత్రం: పొటాషియం ఆకాశంలో, కాల్షియం పాతాళంలో ఉంటుంది, పేషెంట్ మాత్రం నవ్వుతూ ఉంటాడు. లావెండర్ ట్యూబ్‌లో ఉండేది పొటాషియం ఈడీటీఏ, అది కాల్షియంని పట్టేస్తుంది. ఎర్ర ట్యూబ్‌లో రక్తం తక్కువైందని లావెండర్ లోంచి కొంచెం ఒంపేస్తే రిపోర్ట్ ఇలాగే వస్తుంది. ఒక ట్యూబ్‌లోంచి ఇంకో ట్యూబ్‌లోకి చుక్క కూడా పోయకూడదు.

ఆర్డర్ ఆఫ్ డ్రా అని పుస్తకంలో ఉండే, ఏ రంగు మూత ట్యూబ్ ముందు నింపాలన్న వరుస వెనక ఉన్న కారణం కూడా ఇదే. బ్లడ్ కల్చర్ ఉంటే ముందు అది, తర్వాత లేత నీలం, తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఆపైన లావెండర్, చివర్లో బూడిద రంగు. కల్చర్ ముందెందుకంటే మిగతా మూతలు స్టెరైల్ కావు, లావెండర్ వెనకెందుకంటే ఇప్పుడు చెప్పుకున్న పొటాషియం గోల. లేత నీలంలో సిట్రేట్ ఉంటుంది, తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు, గీత దాకా నిండకపోతే పీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం), ఐఎన్ఆర్ తప్పుగా ఎక్కువ వస్తాయి, ల్యాబ్ వాళ్లు వెనక్కి పంపితే వాళ్ల మీద విసుక్కోకు. బూడిద రంగులో ఫ్లోరైడ్ ఉంటుంది, అది లేకపోతే ట్యూబ్‌లో ఉన్న కణాలే గంట గంటకీ షుగర్ తినేస్తాయి. పీహెచ్‌సీలో పొద్దున తీసి మధ్యాహ్నం పట్నం ల్యాబ్‌కి చేరే శాంపిల్ విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

డ్రిప్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీయొద్దని అందరూ చెప్తారు, అందరూ తీస్తారు. డెక్స్‌ట్రోస్ పోతుంటే షుగర్ 500, నార్మల్ సెలైన్ పోతుంటే హిమోగ్లోబిన్ ఉన్నట్టుండి 7, ఆ 7 చూసి రక్తం ఎక్కించడానికి క్రాస్‌మ్యాచ్ కూడా పంపేస్తారు. ఇంకో చేతి నుంచి తీయి. అంతే.

పొటాషియం తక్కువైతే ఇచ్చే కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) గురించి ఒక మాట. మన దగ్గర దొరికే 10 ఎంఎల్ ఆంప్యూల్, 15 శాతంది, దాంట్లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి. దీన్ని నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది, ఇందులో మినహాయింపు లేదు, ఎవరు చెప్పినా చేయకూడదు. సెలైన్‌లో కలిపి మామూలు వార్డులో గంటకి 10 మిల్లీఈక్వివలెంట్లకి మించకుండా పోనివ్వాలి, అంతకంటే వేగం కావాలంటే మానిటర్ ఉన్న చోట మాత్రమే. కలిపాక బాటిల్‌ని నాలుగైదుసార్లు తలకిందులు చెయ్యి. వేలాడుతున్న బాటిల్‌లోకి సూదితో ఎక్కించి వదిలేస్తే మందు అడుక్కి చేరి ముందు గాఢంగా అదే దిగుతుంది. పోసే ముందు యూరిన్ వస్తోందో లేదో కూడా చూసుకో.

సోడియం 135 నుంచి 145. వేసవిలో బీపీ మాత్ర, అదీ థయజైడ్ రకం, వాడే పెద్దాయన రెండ్రోజులు వాంతులయ్యాక రాత్రి నుంచి తిక్కగా మాట్లాడుతున్నాడు అని కొడుకు తీసుకొస్తే ముందు షుగర్ చూడు, వెంటనే సోడియం పంపు. 120 కిందకి దిగితే ఫిట్స్ రావొచ్చు. దాన్ని గబగబా ఎక్కించకూడదు, 24 గంటల్లో 8 నుంచి 10 కంటే ఎక్కువ పెంచితే మెదడు కాండం దెబ్బతింటుంది, అందుకే 3 శాతం సెలైన్‌ని పంప్ లేకుండా వదలరు.

షుగర్ 70 కిందకి దిగితే ల్యాబ్ రిపోర్ట్ కోసం కూర్చోకూడదు, గ్లూకోమీటర్ చాలు. స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకి మళ్లీ చూడు. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయొద్దు, 25 శాతం డెక్స్‌ట్రోస్ నరంలోకి. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్) 6.5, ఇవి డయాబెటిస్ గీతలు. గర్భిణికి మన దేశంలో చేసేది 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి చూడటం, తిని వచ్చినా పర్లేదు, 140 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే గర్భంతో వచ్చిన షుగర్ అని లెక్క. అమెరికా పుస్తకంలో 50 గ్రాముల పరీక్ష ఉంటుంది, రెండూ కలిపేసుకోకు.

వానాకాలం పోస్టింగ్ పడితే ప్లేట్‌లెట్ల సంగతి నీకు వద్దన్నా తెలుస్తుంది. డెంగీ వార్డులో ప్రతి అటెండెంటూ అడిగే ప్రశ్న కౌంట్ ఎంత, బొప్పాయి ఆకు రసం పట్టొచ్చా అని. నార్మల్ లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. 40 వేలు అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, కానీ రక్తస్రావం లేకపోతే మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం 10 వేల కిందకి పడేదాకా ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించరు. నువ్వు కన్నేయాల్సింది దాని పక్కన ఉండే హిమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వంతు) మీద. అది ఉన్నదానికంటే 20 శాతం పెరిగితే నీరు రక్తనాళాల్లోంచి బయటికి కారుతోందని అర్థం. ఇది జరిగేది జ్వరం తగ్గే సమయంలోనే, ఇంట్లో వాళ్లు హమ్మయ్య తగ్గింది అనుకునే రోజున. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చేతులు చల్లబడటం, బీపీలో పైఅంకెకీ కిందఅంకెకీ తేడా 20కి కుంచించుకుపోవడం, ఇందులో ఏది కనిపించినా కౌంట్ ఎంతున్నా సరే డాక్టర్‌ని పిలువు.

హిమోగ్లోబిన్ ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13 కింద ఉంటే రక్తహీనత, గర్భిణికి 11. క్రియాటినిన్ 0.6 నుంచి 1.2, కాకపోతే అది కండలోంచి వచ్చేది కాబట్టి ఎండుపుల్లలా ఉన్న ముసలమ్మకి 1.2 అంటే నార్మల్ అని సర్దేయకు, ఆమె కిడ్నీ అప్పటికే సగం తగ్గి ఉండొచ్చు. ఐఎన్ఆర్ మందు లేనివాళ్లకి 1 దగ్గర, రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రామ్ లేదా వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లకి 2 నుంచి 3, మైట్రల్ చోట మెటల్ వాల్వ్ ఉంటే 2.5 నుంచి 3.5. ఈ పేషెంట్లకి పాలకూర, తోటకూర పూర్తిగా మానేయమని చెప్పొద్దు, వారం వారం ఒకే మోతాదులో తినమని చెప్పు. శ్రావణమాసమని నెలంతా ఆకుకూరలు దంచేసి తర్వాత మానేస్తే ఐఎన్ఆర్ ఊగుతుంది.

ఏబీజీకి అందరూ భయపడతారు, లెక్క చూస్తే రెండు అడుగులే. పీహెచ్ 7.35–7.45, కార్బన్ డయాక్సైడ్ 35–45, బైకార్బ్ 22–26. పీహెచ్ ఒకవైపు, కార్బన్ డయాక్సైడ్ దానికి ఎదురువైపు వెళ్తే గొడవ ఊపిరితిత్తులది. పీహెచ్, బైకార్బ్ రెండూ ఒకేవైపు వెళ్తే జీవక్రియది. పీహెచ్ 7.27, కార్బన్ డయాక్సైడ్ 58, బైకార్బ్ 26 అంటే చుట్ట తాగే పెద్దాయన గాలి బయటికి వదల్లేకపోతున్నాడు. పీహెచ్ 7.20, కార్బన్ డయాక్సైడ్ 24, బైకార్బ్ 9 అంటే ఇన్సులిన్ మానేసి కీటోఅసిడోసిస్‌తో వచ్చిన అమ్మాయి, ఆయాసం ఊపిరితిత్తుల జబ్బు వల్ల కాదు, ఒంట్లో ఆమ్లాన్ని గాలితో బయటికి పంపే ప్రయత్నం. మణికట్టు దగ్గర తీసే ముందు ఆలెన్ టెస్ట్ (చేతికి రెండో ధమని నుంచి కూడా రక్తం అందుతోందో చూడటం), తీశాక సిరంజిలో గాలి బుడగ తీసేయడం, ఐదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టడం, రిక్విజిషన్ మీద ఆక్సిజన్ ఎంత ఇస్తున్నారో రాయడం. ఆఖరిది రాయకపోతే రిపోర్ట్ సగం పనికిరాదు.

ల్యాబ్ లేకుండా చూసే వాల్యూ కూడా ఒకటుంది. ఎక్లాంప్సియాకి (గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌కి) మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తున్నప్పుడు లేబర్ రూమ్‌లో లెవెల్ ఎవరూ పంపరు. మోకాలి రిఫ్లెక్స్ ఉందా, శ్వాస నిమిషానికి 16కి తగ్గలేదు కదా, యూరిన్ గంటకి 30 ఎంఎల్ వస్తోందా, ఈ మూడూ చూసే తర్వాతి డోసు. మందు ఎక్కువైతే శ్వాస కంటే ముందు రిఫ్లెక్స్ పోతుంది, అందుకే సుత్తి అక్కడే ఉండాలి, 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ ట్రేలో ఉండాలి.

ఇప్పుడు ప్రొసీజర్లు. పొజిషన్‌ని పేరుతో బట్టీ పట్టకు, సూది దారిలో ఏం అడ్డం ఉంది, తీశాక ఎక్కడ కారుతుంది అని రెండు ప్రశ్నలు వేసుకో, పొజిషన్ దానంతటదే వస్తుంది. పారాసెంటెసిస్‌కి అడ్డం వచ్చేది నిండిన మూత్రాశయం, అందుకే ముందు యూరిన్‌కి పంపాలి, కూర్చోబెట్టాలి లేదా తల ఎత్తుగా పెట్టాలి, నీళ్లు కిందకి దిగుతాయి. ముందూ తర్వాతా బరువు, పొట్ట చుట్టుకొలత, బీపీ. ఐదు లీటర్లు దాటి తీస్తే లీటరుకి 6 నుంచి 8 గ్రాముల అల్బుమిన్ ఇస్తారు. ప్లూరల్ ట్యాప్‌కి (ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీయడానికి) కార్డియాక్ టేబుల్ మీదికి వంగి కూర్చోబెడతారు, పక్కటెముకల సందులు విచ్చుకుంటాయి, సూది దిగేటప్పుడు దగ్గకూడదని ముందే చెప్పాలి, ఒకేసారి లీటరున్నర దాటి తీయరు. తర్వాత ఎక్స్‌రే, ఆయాసం పెరిగిందా చూడటం.

లివర్ బయాప్సీకి వెల్లకిలా పడుకోబెట్టి కుడిచేయి తల మీదికి, సూది దిగే క్షణంలో గాలి వదిలి బిగబట్టమంటారు, లేకపోతే ఊపిరితిత్తి కిందికి వచ్చి సూదికి తగులుతుంది. అయ్యాక కుడివైపు తిప్పి కింద చుట్టిన టవల్ పెడతారు, లివర్ పక్కటెముకలకి నొక్కుకుని రక్తం ఆగుతుంది. ప్రాక్టికల్‌లో చాలామంది ఎడమ అని రాసేస్తారు. ముందు పీటీ, ప్లేట్‌లెట్లు చూశావా, తర్వాత పల్స్ పెరుగుతోందా, కుడి భుజం నొప్పి అంటున్నాడా, ఇవి మర్చిపోకు.

లంబార్ పంక్చర్‌లో వెన్నుపాము పెద్దవాళ్లలో మొదటి, రెండో నడుము పూసల మధ్య ఆగిపోతుంది, కాబట్టి దాని కింద, మూడు నాలుగు మధ్య గానీ నాలుగు ఐదు మధ్య గానీ. పక్కకి తిప్పి మోకాళ్లు కడుపుకి, గడ్డం ఛాతీకి ఆనేలా ముడుచుకోమంటారు. సీఎస్ఎఫ్, అంటే ఆ వెన్ను ద్రవంలో షుగర్, రక్తంలో షుగర్‌లో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటుంది, అందుకే అదే సమయంలో రక్తంలో షుగర్ కూడా తీయాలి, ఇది నర్సు గుర్తుచేయాల్సిన పని. ప్రోటీన్ 15 నుంచి 45, కణాలు ఐదు దాకా. తర్వాత గంటలకొద్దీ వెల్లకిలా పడుకోబెట్టడం వల్ల తలనొప్పి ఆగదని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి, అయినా పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయి, మార్కులు దానికే.

ఎండోస్కోపీ తర్వాత గొంతులో స్ప్రే మొద్దుబారి ఉంటుంది, గాగ్ రిఫ్లెక్స్ (గొంతు వెనక తాకితే వచ్చే ఓకరింపు) వచ్చేదాకా నీళ్లు కూడా ఇవ్వొద్దు, నువ్వు పక్కకి తిరగ్గానే అటెండెంట్ టీ పట్టేస్తాడు కాబట్టి అతనికి కూడా చెప్పు. కాంట్రాస్ట్ సీటీకి (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్‌కి) ముందు క్రియాటినిన్, అలర్జీ, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా అని అడగాలి.

ఎంఆర్ఐకి పంపేటప్పుడు మన దగ్గర అసలు పని వస్తువులు తీయించడమే. హెయిర్ పిన్నులు, మెట్టెలు, మొలతాడుకి కట్టిన రాగి తాయెత్తు, లోపలి బట్టల హుక్కులు. మంగళసూత్రం దగ్గర ఆగిపోతారు. బంగారం అయస్కాంతానికి అతుక్కోదు కదా అని వాదించే బావగారు ఒకరు ఉంటారు, కానీ గొలుసు కొక్కెంలో ఉక్కు స్ప్రింగ్ ఉండొచ్చు, లోహం వేడెక్కుతుంది, మెడ ఫిల్మ్ పాడవుతుంది. అత్తగారితో మాట్లాడి, పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టి అది వేశాక సూత్రాలు తీయిస్తే ఎవరికీ బాధ ఉండదు, లోపలికి దారం వెళ్తే ఇబ్బంది లేదు. తీసినవి అత్తగారి చేతికే ఇచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకో. పేస్‌మేకర్, మెదడులో క్లిప్, కంట్లో ఇనుప రజను పడిన వెల్డింగ్ పని, ఇవి వేరేగా అడగాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

24 గంటల యూరిన్‌కి మొదటిది పారబోసి టైమ్ రాసుకుని, మర్నాడు అదే టైమ్‌కి ఆఖరిది పట్టాలి. టీబీ అనుమానానికి తెమడ రెండు శాంపిళ్లు, ఒకటి అప్పటికప్పుడు, ఇంకోటి పొద్దున లేవగానే. డబ్బాలో ఉమ్మి ఉంటే వెనక్కి ఇచ్చి గట్టిగా దగ్గించి మళ్లీ తీసుకో.

వీటన్నిటికీ కన్సెంట్ గురించి వైవాలో అడుగుతారు: వివరించాల్సింది డాక్టర్, అర్థమైందో లేదో చూసి సంతకానికి సాక్షిగా ఉండేది నర్సు. అలాగే క్రిటికల్ వాల్యూ ఫోన్‌లో చెప్తే పేరు, ఐపీ నంబర్, అంకె రాసుకుని తిరిగి చదివి వినిపించి, చెప్పినవాళ్ల పేరూ, టైమూ, ఏ డాక్టర్‌కి ఎప్పుడు చెప్పావో నోట్స్‌లో రాయి. ఐఎన్ఆర్ 5.6, 2.6లా వినపడే లైన్లు మన హాస్పిటళ్లలో చాలానే ఉన్నాయి.